అటక మీద పెద్దలు

అటక మీద దయ్యం ఉండటంలో తప్పేమీ లేదట. కింద పెద్దమనుషులు కూర్చుని ఉండగా అది వాళ్ల నెత్తిమీద కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడం మాత్రం మహాపరాధమట. ఈ సంగతి మన ఏకాంబరానికి తన మొదటి సినిమా తీయడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు. పాపం, అతను మండపేట మనిషి. అక్కడి దయ్యాలకు ఇన్ని మర్యాదలు నేర్పినవాళ్లు లేరు.

ఏకాంబరం సంగతి చెప్పాలంటే ముందు అలివేలు సంగతి చెప్పాలి. 'అటక మీద అలివేలు' అని ఒక సినిమా వచ్చింది. అద్దె ఇంట్లో అటక మీద, ఇత్తడి గంగాళాల మధ్య అలివేలు అనే దయ్యం కాపురం ఉంటుంది. తీసినాయన బృహస్పతిరావు గారు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చే మనిషి వేషం కట్టాల్సిన నటుడు షూటింగు నాటి పొద్దున కడుపునొప్పితో ఆస్పత్రిలో చేరాడు. బృహస్పతిరావు గారు విసుక్కుని, ఆ ఖాకీ చొక్కా తానే తొడుక్కుని, మీటరు దగ్గర నిలబడి, అలివేలును చూసి కెవ్వుమని పడిపోయారు. సినిమా విరగబడి ఆడింది. అలివేలుగా వేసిన మంగతాయారు గారు హడలగొట్టేసిందని జనం అనుకున్నారు. పరిశ్రమలో పెద్దలు మాత్రం లోతుగా ఆలోచించి, ఖాకీ చొక్కా వల్ల ఆడిందని తేల్చారు.

రెండో భాగానికి దర్శకుడు మారాడు, చొక్కా మారలేదు. మొదటి భాగంలో నిక్షేపంగా చచ్చిపోయిన మీటరు మనిషి రెండో భాగంలో మళ్లీ వచ్చి తలుపు కొట్టాడు. హాల్లో ఒకటే ఈలలు. అదే చేత్తో రెండో దర్శకుడు గ్యాసు బండ మోసుకొచ్చాడు. మూడో భాగంలో మూడో ఆయన పాలు పోశాడు. అలా ఆరో భాగానికి వచ్చేసరికి ఆ ఇంట్లో కాపురం ఉండేవాళ్లకు దయ్యంతో కంటే తలుపు తీయలేక ఎక్కువ చావొచ్చింది.

ఆ ఆరో భాగంలోనే అనర్థం జరిగింది. ఒక పెద్దాయన వీపు మాత్రమే కనబడి, ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడి మొహం తెర నిండా పడింది. పెద్దాయన అన్నం మానేశారు. దాంతో 'చిత్ర దర్శకుల గౌరవ పరిరక్షణ మండలి' మేలుకుని నియమావళి తయారుచేసింది. మండలి సమ్మతి లేకుండా ఏ దయ్యమూ ఏ హాల్లోనూ అడుగుపెట్టడానికి వీల్లేదని తీర్మానించింది.

సరిగ్గా అప్పుడే ఏడో భాగం ఏకాంబరానికి దక్కింది.

ఏకాంబరం జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఈ పనిలోకి వచ్చి, అది తెల్లబడి, రంగు వేసి, ఆ రంగూ విసుగొచ్చి మానేసేదాకా సహాయకుడిగానే ఉన్నాడు. నిర్మాత పెన్మెత్స రామభద్రరాజు గారు భీమవరం చేపల చెరువుల మనిషి. మాట సూటిగా ఉంటుంది.

"ఏకాంబరం, ఈసారి నువ్వే తీసెయ్. జనం జడుసుకున్నారా, నువ్వు డైరెక్టరువి. జడుసుకోలేదా, మళ్లీ సెట్టు మీద 'సైలెన్స్' అని అరుచుకుందువుగాని. ఆ అరుపు మట్టుకు నీ అంత బాగా ఎవడూ అరవలేడయ్యా."

ఏకాంబరానికి సినిమా అంతా ఎలా వచ్చినా ఫర్వాలేదు. ఒక్క సీను మీదే ప్రాణం. అది అతని పెద్దమ్మ అచ్చియ్యమ్మ చిన్నప్పుడు చెప్పిన కథ. పట్టపగలు. వంటిల్లు. అటక కింద మొగుడు నిలబడి ఉంటాడు. పై నుంచి పసుపు రాసుకున్న చెయ్యి, గాజులు గలగల్లాడుతూ, ఊరగాయ జాడీ ఒకటి అందిస్తుంది. అతను అందుకుని కింద పెడతాడు. "ఆ రెండోదీ ఇయ్యవే" అంటాడు. రెండోదీ వస్తుంది. అంతలో వీధి తలుపు తీసుకుని, కూరల సంచీతో పెళ్లాం లోపలికొచ్చి, "ఎవరితోనండీ మాటలు?" అంటుంది. అంతే కథ. ఇది విన్నాక ఏకాంబరం ఎన్నాళ్లో ఆవకాయ ముట్టలేదు.

అచ్చియ్యమ్మ సామాన్యురాలు కాదు. అలివేలు సినిమాలు ఆరూ హాలుకెళ్లి చూసింది. ఆరింటిలోనూ నిద్రపోయింది. "దెయ్యవంటే పాటలు పాడి ఏడ్చేది కాదురా. మజ్జాన్నం పూట వంటింట్లోకి రావాలి. నువ్వు తీసేదానికి నేను అదిరితే నిన్ను డైరెక్టరంటాను. లేదూ, సీటు మెత్తగా ఉందిరా నాయనా అని చెప్పి ఇంటికెళ్లిపోతాను" అంది.

రాజుగారి పరీక్ష కంటే ఈ పరీక్షకే ఏకాంబరం ఎక్కువ భయపడ్డాడు.

షూటింగు మొదటి రోజున కొబ్బరికాయ కొట్టీ కొట్టకముందే మండలి కార్యదర్శి శేషావతారం గారు దిగారు. వారు ఏనాడూ సినిమా తీయలేదు. తీసినవాళ్లను గౌరవించడంలోనే వారి జీవితం గడిచిపోయింది. వెనకాల ఇద్దరు మనుషులు శాలువాల మూటలు మోసుకొచ్చారు.

"ఏకాంబరము గారూ, సదరు చిత్రమునందు పూర్వభాగముల దర్శకులెల్లరును వయోజ్యేష్ఠతను అనుసరించి దర్శనమిచ్చుట విధాయకము" అన్నారు.

"ఆరుగురూనా అండి?"

"ఆరుగురు మాత్రమేనా అని అడుగుడు. ఇతర భయానక చిత్రముల దర్శకులు నిరుడు మనవారికి తమ శ్మశానములయందు చోటు కల్పించిరి. ఆ మర్యాద తిరిగి చెల్లింపవలదా? మరియు పౌరాణిక దర్శకులు గలరు."

"దయ్యం సినిమాలో పౌరాణికాలోళ్లు ఎందుకండి బాబూ?"

"పురాణములయందు భూతప్రేతములు లేవా? వారిని విస్మరించినచో చరిత్ర మనలను క్షమింపదు." శేషావతారం గారు గొంతు సవరించుకుని అసలు నియమం చెప్పారు. "గౌరవ సభ్యులు ఎట్టి పరిస్థితులయందును దయ్యమును గాంచి భయపడరాదు. భయము గౌరవభంగకరము."

"మరి దయ్యం కనబడితే ఏం చేస్తారండి?"

"మందహాసము చేయుదురు. దయ్యమే లేచి నిలబడి నమస్కరించును."

మంగతాయారు గారు పక్కనే మొహానికి తెల్ల రంగు వేసుకుని గారె తింటోంది. తెనాలి నాటకాల్లో పెరిగిన మనిషి. ఎవరికీ బెదరదు. "ఒక చేత్తోనా, రెండు చేతుల్తోనా కార్యదర్శి గారూ? నాకు కుడిచేతిలో కొడవలి ఉంటది మరి" అంది.

శేషావతారం గారు క్షణం ఆలోచించారు. "కొడవలిని పక్కన నుంచి, రెండు చేతులతో, తల్లీ. ఆ పిమ్మట శాలువా."

"శాలువా కూడా నేనే కప్పాలా?"

"అతిథులు విచ్చేసినది నీ ఇంటికే గదా."

ఆ మాటకు మంగతాయారు తల పంకించి ఇంకో గారె అందుకుంది. ఆ ఇల్లు అలివేలుదేనని ఆరు సినిమాల్లో గొంతు చించుకుని అరిచింది తనే.

మర్నాటి నుంచి పెద్దలు రావడం మొదలుపెట్టారు. మీటరు, గ్యాసు, పాలు, పేపరు, ఇస్త్రీ బట్టలు, ఎవరి వృత్తి వారు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. పౌరాణికాల ఆయన మాత్రం ఏ వృత్తీ ఒప్పుకోక, నేరుగా కిరీటంతో వచ్చారు. అద్దె ఇంటికి కిరీటం పెట్టుకున్నాయన ఎందుకొస్తాడని ఏకాంబరం అడిగితే, "ఇల్లు చూసుకోడానికి వచ్చాననుకో. నాకూ ఇల్లు కావాలిగా" అన్నారు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఒకటి వచ్చింది. వచ్చినవాళ్లంతా దర్శకులే కావడంతో, సీను మధ్యలో ఎవరికి నచ్చకపోతే వారు 'కట్' అనేవారు. కెమెరామన్‌కు ఎవరి మాట వినాలో తెలిసేది కాదు. అలివేలు గుమ్మం దాకా వచ్చి నమస్కారం పెట్టేలోపే అయిదు గొంతులు కట్ అనేవి. ఒకాయన తన శాలువా జరీ కనబడలేదని కట్ అన్నారు. ఇంకొకాయన పక్కాయన శాలువా జరీ మరీ కనబడుతోందని కట్ అన్నారు. ఏకాంబరం నోటికి ఆ మాట అనే అవకాశమే రాలేదు. అతను అలవాటు కొద్దీ "సైలెన్స్" అని అరుస్తూ ఉండిపోయాడు.

నాలుగో రోజున అలివేలు అటక ఎక్కి కూర్చుంది. కింద బృహస్పతిరావు గారు తలెత్తి చూశారు. సరిగ్గా ఆయన నడినెత్తి మీద దయ్యం పాదాలు.

"కట్!" అన్నారాయన. "శేషావతారం! నా అంతటివాణ్ణి కింద కూర్చోబెట్టి ఆడదయ్యం అటక మీద కూర్చుంటుందా?"

మండలి అక్కడికక్కడే, సెట్టు మీదే సమావేశమైంది. దయ్యం కింద ఉండాలనీ, పెద్దలు పైన ఉండాలనీ ఏకగ్రీవంగా తీర్మానించింది. వడ్రంగులను పిలిచి అటక పెంచారు. పెద్దలకు మోకాళ్ల నొప్పులని నిచ్చెన తీసేసి మెట్లు కట్టారు. పైన ఉక్కపోస్తోందని పంకా పెట్టారు. సోఫాలు ఎక్కించారు. గంగాళాలు అడ్డంగా ఉన్నాయని దింపేశారు. సాయంత్రానికి దర్శకులందరూ వయసు వరుసలో అటక మీద కూర్చుని కిందికి చూస్తూ మందహాసం చేస్తున్నారు. కింద అలివేలు గంగాళాల మధ్య మడత కుర్చీలో కూర్చుని శాలువాలు మడతపెడుతోంది.

రామభద్రరాజు గారు వచ్చి ఈ దృశ్యం చూశారు. "ఏకాంబరం, ఇది దెయ్యం సినిమానా, మా మేనల్లుడి పెళ్లిలో విడిదిల్లా?" అన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. అనామకులైన నటులు తమ ఎదుట గొంతెత్తి మాట్లాడటం బాగాలేదని పెద్దలు అభ్యంతరం చెప్పారు. మొగుడి వేషం మూడో భాగం దర్శకుడు పుచ్చుకున్నారు. పెళ్లాం వేషానికి మండలిలో ఆడవాళ్లే లేరు కనుక, ఆవిడ పుట్టింటికి వెళ్లిందని చెప్పమన్నారు.

ఏకాంబరం సెట్టు వెనక్కి వెళ్లి, బోర్లించిన గంగాళం మీద కూలబడ్డాడు. అతని సీనులో మొగుడు భయపడటానికి వీల్లేదు. పెళ్లాం లేదు. అటక మీద గాజుల చేతికి చోటే లేదు. ఇక మిగిలింది జాడీ ఒక్కటే.

మంగతాయారు వచ్చి పక్కన కూర్చుంది. "చేతులు లాగేస్తున్నాయి తమ్ముడూ. ఆరు సినిమాలు పీకలు నొక్కినా ఇంత నొప్పి లేదు. దయ్యాన్నా నేను, సన్మాన సంఘాన్నా?"

"మా పెద్దమ్మ ఇది చూసి నిద్ర కూడా పోదక్కా. నవ్వుద్ది. నిద్రపోయినా బాగుణ్ణు."

"ఆ జాడీ సీను తీసెయ్యరాదూ?"

"ఎవరు భయపడాలక్కా? భయపడటానికి మనిషంటూ ఒకడుండాలా వద్దా? ఇంట్లో అందరూ సభ్యులే అయిపోయారు."

మంగతాయారు గారె ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. "అందరూ ఎక్కడయ్యారు? నేను కాలేదుగా" అంది.

ఏకాంబరం తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ తెల్ల రంగులో ఆవిడ ఏమనుకుంటోందో తెలియలేదు గానీ, అతని వీపు మీద ఏదో పాకినట్టయింది.

అంతలో శేషావతారం గారు అతన్ని వెతుక్కుంటూ వచ్చారు. భోజనాల వేళ. ఆనాడు పనసపొట్టు కూర, బొబ్బట్లు అని తెలిసి వారి నడకలో వేగం పెరిగింది.

"ఏకాంబరము గారూ, ఒక్క లోపము మిగిలినది. ప్రస్తుత భాగ దర్శకులు కూడ దర్శనమీయవలెను. లేనిచో సమ్మతి ఇయ్యజాలము. తమరు కనిష్ఠులు కనుక అందరికిని వెనుక నిలువవలెను. కాని వెనుక చోటు లేదు. శరీరమున ఏదో యొక అవయవమైనను చాలును. ముగించివేయుడు."

"అలాగేనండి. ఒక్క సందేహమండి. దయ్యం భయపడొచ్చాండి?"

"దయ్యము సభ్యురాలు కాదు గదా. నిరభ్యంతరముగా భయపడవచ్చును" అని శేషావతారం గారు విస్తళ్ల వైపు సాగిపోయారు.

పెద్దలంతా అటక దిగి బంతికి వెళ్లారు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేలడానికే బొబ్బట్లు చల్లారిపోయాయని తరువాత చెప్పుకున్నారు. సెట్టు మీద ఏకాంబరం, మంగతాయారు, కెమెరామన్ మిగిలారు. ఏకాంబరం చేతికి పసుపు రాసుకున్నాడు. మంగతాయారు తన ఆకుపచ్చ గాజులు తీసి అతని చేతికి తొడిగింది. "సన్నటి చేతులయ్యా నీవి. అన్నం సరిగ్గా తినవా?" అంది. అతను జాడీలు పట్టుకుని అటక ఎక్కి, సోఫా వెనక బోర్లా పడుకున్నాడు.

కెమెరా తిరిగింది.

అలివేలు ఆఖరి శాలువా మడతపెట్టింది. ఇల్లంతా ఖాళీ. "హమ్మయ్య, పోయారు" అనుకుని, తన అటక ఎక్కడానికి మెట్ల దగ్గరకు వచ్చింది. పై నుంచి గాజుల చెయ్యి ఒకటి దిగి జాడీ అందించింది. అతిథులకు అందించీ అందుకునీ చేతులకు అలవాటైపోయిందేమో, అలివేలు చటుక్కున అందుకుని కింద పెట్టింది. మళ్లీ చెయ్యి చాచింది. రెండోదీ వచ్చింది. దాన్ని కడుపుకు ఆనించుకుని వెనక్కి తిరగబోయి, ఆగిపోయింది.

అటక మీద ఉండేది తను. తను ఇక్కడుంది.

మంగతాయారు అరవలేదు. పైకి చూడలేదు. తన రెండు చేతులూ ఒకసారి చూసుకుంది. జాడీని మెల్లిగా, చప్పుడు కాకుండా నేల మీద పెట్టి, ఆ చేతికి వంగి నమస్కారం పెట్టింది. అలాగే, చేతులు జోడించే, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ, ఇన్నాళ్లూ ఎవరూ తనను వెళ్లగొట్టలేని ఆ ఇంట్లోంచి గుమ్మం దాటి వెళ్లిపోయింది.

కెమెరా తిరుగుతూనే ఉంది. కట్ చెప్పాల్సినవాడు అటక మీద ఉన్నాడు. పైనుంచి ఆవిడ వెనకడుగులు చూసిన అతను, తన వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తల తిప్పి చూసుకుంటున్నాడు.

మండలి ఎవరి శాలువాలు వారు లెక్కచూసుకుని సమ్మతి ఇచ్చింది, సినిమా విడుదలయింది. మండపేటలో ఏకాంబరం పెద్దమ్మను తీసుకుని హాలుకు వెళ్లాడు. మొదటి శాలువాకే అచ్చియ్యమ్మ గురక పెట్టింది. హాలంతా తోడు గురక పెట్టింది. కిరీటం ఆయన ఇల్లు చూసుకోడానికి వచ్చినప్పుడు ఒకడెవడో నిద్రలోనే ఈల వేశాడు. అలా అందరూ హాయిగా ఒళ్లు మరిచి ఉన్న వేళ గాజులు గలగల్లాడాయి. అచ్చియ్యమ్మకు తెలిసిన చప్పుడే అది. కళ్లు తెరిచింది. "ఇది నా కథే. ఇప్పుడు పెళ్లాం వస్తాది చూడు" అని తాపీగా అంది. పెళ్లాం రాలేదు. అలివేలు చేతులు జోడించింది.

గాజుల చప్పుడుకే హాల్లో గురకలన్నీ ఆగిపోయాయి. తరువాత బాల్కనీలోంచి ఒక గావుకేక. ఆ వెంట అన్ని వైపుల నుంచీ.

లైట్లు వెలిగాక అచ్చియ్యమ్మ కొంగు సర్దుకుని లేచింది. ఏకాంబరం ఊపిరి బిగబట్టి అడిగాడు. "ఎలా ఉంది పెద్దమ్మా?"

"సీటు గట్టిగా ఉందిరా" అని, అతని వైపు చూడకుండా రిక్షా ఎక్కేసింది.

సినిమా విరగబడి ఆడింది. దయ్యమే జడుసుకున్న ఆ చెయ్యి ఎవరిదని ఊరూరా ఒకటే మాట. ఎవరిదో తెలియదు గనక ప్రతి పెద్దాయనకూ అది తనదేనని గుర్తొచ్చింది. ఆ రోజు బంతికి ఆలస్యంగా వచ్చింది అందుకేనని బృహస్పతిరావు గారు అన్నారు. ఆ మణికట్టు తమ వంశంలో తప్ప ఇంకెక్కడా లేదని గ్యాసు బండ ఆయన అన్నారు. మండలి విచారణ పెట్టింది. సభ్యులంతా చేతులకు పసుపు రాసుకుని, గాజులు తొడుక్కుని, తెర ముందు వరుసగా చేతులు చాచి నిలబడ్డారు. శేషావతారం గారు ఒక్కొక్క చేతినీ పరిశీలించి, గాజులు తొడిగాక సభ్యులందరి హస్తములును ఒక్క తీరుననే యున్నవనీ, కావున సదరు హస్తము వయోజ్యేష్ఠులైన బృహస్పతిరావు గారిదేననీ తీర్పు చెప్పారు. సన్మానం ఘనంగా జరిగింది. శాలువా చేతికి చుట్టారు. అదే సభలో, తన చిత్రంలో తాను ఎక్కడా కనబడనందుకు ఏకాంబరాన్ని తీవ్రంగా మందలించారు.

రామభద్రరాజు గారు ముందు వరుసలో కూర్చుని అతని చెవిలో గొణిగారు. "ఆ చెయ్యి నీదని లేచి చెప్పవయ్యా!"

"వద్దులెండి. చెబితే ఎనిమిదో భాగంలో మొహం చూపించమంటారు."

"అయితే ఎనిమిదోదీ నువ్వే తియ్యి" అన్నారు రాజుగారు.

ఆ మాట విన్నా ఏకాంబరం మనసు కుదుటపడలేదు. సీటు గట్టిగా ఉందన్న మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. వారం తిరక్కుండా మండపేట నుంచి ఫోనొచ్చింది.

"ఒరేయ్ ఏకాంబరం, ఓ మాటు వచ్చెళ్లరా. ఆవకాయ అయిపోయింది. అటక మీద జాడీ దింపాలి."

"పక్కింటోళ్లని దింపమనొచ్చుగా పెద్దమ్మా?"

"ఎవడూ దింపట్లేదురా! వీధి వీధంతా పచ్చడి లేకుండా మజ్జిగన్నం తింటున్నారు. అంతా నీ మూలానే."

ఏకాంబరం ఆ పూటే బస్సెక్కాడు. మధ్యాహ్నానికి మండపేటలో దిగాడు. పెద్దమ్మ వంటింట్లో నిచ్చెన వేసి సిద్ధంగా ఉంది. అతను అటక ఎక్కి, మూలకంటా పాకి, జాడీ మీది బూజు దులిపి, బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాచాడు. అచ్చియ్యమ్మ అందుకుంది. కింద పెట్టింది.

"రెండోదీ ఇయ్యనా పెద్దమ్మా?"

ఏకాంబరం రెండో జాడీ పట్టుకుని చెయ్యి అలాగే ఉంచాడు. జాడీ మూతిగుడ్డకున్న పసుపు ఆ చేతికి కాస్త అంటుకుని ఉంది. వంటింట్లో గోడకు వీపు తగిలిన చప్పుడైంది. తరువాత, ఏ సినిమాకూ చలించని ఆ గొంతు, సన్నగా వణుకుతూ వినబడింది.

"ఒరేయ్... నువ్వేనా? జాడీ వద్దు, ఏమొద్దు. ముందు నీ మొహం చూపించరా డైరెక్టరూ!"